పట్టీ పక్కన ఉప్పు మూట

నవంబర్ 14, శుక్రారం

ఇయ్యాల అక్కకు నొప్పి మందు పట్టీ పెట్టిండ్రు.

గోలీలు లోపల నిలుస్తలేవు. మింగుడు, కక్కుడు. రొమ్ముల పుట్టిన రోగం ఎముకలకు పాకింది, ఇగ తగ్గేది కాదు, నొప్పి లేకుంట చూసుకుందాం అని పోయిన నెలల్నే డాక్టరు సారు చెప్పిండు. అక్క ముందటనే చెప్పిండు. అక్క "గట్లనే కానియ్యి సారూ" అన్నది, కొంగు సర్దుకున్నది.

దవాఖానకెల్లి నర్సు పిల్ల స్కూటీ మీద వచ్చింది. సంతోషి అంట పేరు. అక్కను బోర్ల పండుకోబెట్టి, వీపు మీద కుడి రెక్క కింద తడిగుడ్డతోని తుడిచి, ఆరనిచ్చి, పట్టీ అంటించి అరచెయ్యి అదిమి పట్టింది. చూస్తె ఏం లేదు. పిల్లల నోటుబుక్కు అట్ట మీద పేరు రాసే కాయితమంత ఉన్నది.

"గింత బిళ్లకు గంత రుబాబా" అన్నది అక్క.

"రుబాబు చేసేదే అవ్వా ఇది. ఫెంటనిల్ అంటరు. నువ్వు కక్కిన గోలీల కంటె మస్తు గట్టిది."

అక్క కొడుకు హరిప్రసాద్, కోడలు సరిత మంచం కాడ నిలవడి విన్నరు. నేను బీరువా పక్కకు నిలవడి విన్న. సంతోషి చాన చెప్పింది. ఇది మందుల దుకాండ్ల దొరకది. సర్కారు పర్మిషన్ ఉన్న దవాఖాన్లనే ఇస్తరు. మత్తుమందుల చట్టం కిందికి వస్తది. మూడొద్దులకొకపారి మార్చాలె. వాడిన పట్టీని మడిచి డబ్బాల వేసి ఆమెకే తిరిగియ్యాలె, అండ్ల ఇంక మందు మిగిలి ఉంటదంట. కొయ్యొద్దు, చించొద్దు, ఇంకొకలు అంటించుకోవద్దు. వేడి తగలొద్దు. వేడినీళ్ల సంచి, హీటరు, ఎండ, ఏదీ ఒద్దు. వేడి తగిలితే మందు జల్ది జల్ది ఒంట్లకు దిగుతది. మనిషి పండుకున్నకాడ్నే ఊపిరి తీసుకునుడు మర్సిపోతడు.

మా ఇంట్ల వేడినీళ్ల సంచి లేదు. హీటరు లేదు.

నవంబర్ 16, ఐతారం

పట్టీ పట్టింది. అక్క గటుక జావ తాగింది. కక్కలే.

ఇంటాయన విలాయత్ అలీ సాబ్ చూడనీకె వచ్చిండు. అక్కతోని అర్ధగంట ముచ్చట పెట్టిండు, పోతపోత నన్ను చూసి "క్యా కుర్మయ్యా, నీ నోట్లకెల్లి ఒక్క మాట వస్తె ఒక నెల కిరాయి మాఫ్" అన్నడు. అక్క నవ్వింది. "వాని మాటలు కూడ నాకే ఇచ్చిండు దేవుడు" అన్నది.

నిజమే. నోటికి రాదు. రాస్తె జర వస్తది. అందుకే రాస్తున్న.

నవంబర్ 17, సోమారం

హరిప్రసాద్ పొద్దుగాల పట్టీ మార్చి డ్యూటీకి పోయిండు. ఏర్పోర్టు కాడ క్యాబు నడుపుతడు. పాత పట్టీ మడిచి డబ్బాల వేసిండు, సరిత బీరువాల పెట్టి తాళం వేసింది. తర్వాత ఆమె గూడ కాటేదాన్ బస్సెక్కింది. ఆడ బిస్కట్లు ప్యాకు చేసే కార్ఖానల పని. పొద్దుమూకేదాక ఇంట్ల నేను, అక్క.

చలి మొదలైంది. అంబటాల్లయినంక, పొద్దు నడినెత్తికి రాంగ, అక్క మూలుగుడు వెట్టింది. నడుము కాడ అంట.

"ఉప్పు మూట పెట్టురా."

"నర్సు ఒద్దన్నది."

"నర్సు నిన్నమొన్న పుట్టింది. నువ్వు పెట్టు."

కాపడం నాకు వచ్చిన పని. గొర్రె ఈని నడుము పడిపోతె నేనే పెట్టేది. ఊర్ల పిల్లలకు దగ్గు వట్టినా నన్నే పిలిచేది. అండ్ల మాట్లాడే పని లేదు, అందుకే నాకు అబ్బింది. మంద అమ్మినంక ఎవలు పిలుస్తలేరు.

వాకిట్ల కట్టెల పొయ్యి మీద పెంక పెట్టి దొడ్డు ఉప్పు వేంచిన. పాత నూలు చీర ముక్కల కట్టి, ముందుగాల నా దవడకు ఆనిచ్చి చూసుకున్న. నడుముకు పెట్టిన. పట్టీ కాడికి పోలే. జానెడు దూరం ఉన్నది.

నవంబర్ 18, మంగళారం

నిద్రపోయింది. మంచిగ నిద్రపోయింది.

నవంబర్ 23, ఐతారం

హరి, సరిత షాద్‌నగర్ పెండ్లికి పోయిండ్రు. అక్కకు రెక్క కింద సలుపుతున్నదంట.

"ఆడ పట్టీ ఉన్నది" అన్న.

"పట్టీ పక్కన పెట్టు. మీద పెట్టమన్ననా?"

పక్కన పెట్టిన. నాలుగు వేళ్ల సందు ఉంచిన. కొద్దిసేపటికి అక్క కండ్లు వాలినయి. పండుకున్నది పండుకున్నట్టే పొద్దుమూకేదాక. విమానం ఇంటి మీదికెల్లి పోయినా కదల్లే.

పెండ్లికెల్లి వచ్చి హరిప్రసాద్ తల్లిని చూసిండు. "పట్టీ మంచిగ పనిచేస్తుందే మామా" అన్నడు.

నేను పెంక కడుగనీకె లేసిన.

కాని పట్టీ రోజూ ఉంటది. మూట పెట్టిన నాడే గింత నిద్ర. మరి దేనితోని అయినట్టు?

నవంబర్ 25, మంగళారం

సంతోషి చెప్పింది సంచి గురించి. సంచి అంటె రబ్బరుది, అండ్ల నీళ్లుంటయి. ఉప్పు వేరు. ఉప్పు తడిని గుంజుతది. నొప్పిని గూడ గుంజుతది. మా అమ్మ చెప్పేదంట, అక్క చెప్పింది.

ఇయ్యాల గూడ పెట్టిన.

నవంబర్ 28, శుక్రారం

సంతోషి వచ్చింది. అక్క కండ్లల్ల టార్చిలైటు కొట్టి చూసింది, కంటిపాపలు సూదిమొనంత ఉన్నయి అన్నది. ఊపిరి చూసింది. పాత పట్టీలు చూసుకొని కవర్ల వేసుకున్నది.

"అవ్వ పగలంత మత్తుల ఉంటుందా?"

"పండుకుంటది" అన్నది సరిత.

హరిప్రసాద్ అడ్డం వచ్చిండు. "పండుకునుడు సరే. పట్టీ మార్చే నాటికి మళ్ల నొప్పి లేస్తుంది. మూడొద్దులు ఆగుతలేదు అది. జర పెద్దది ఇయ్యి, లేకుంటె ఒకటి ఎక్కువ ఇయ్యి."

"నా చేతుల లేదన్నా. మా డాక్టరమ్మ రాస్తెనే." మళ్ల నా దిక్కు తిరిగింది. "తాతా, పగలు నువ్వే కదా ఉండేది. వేడి ఏమన్న పెడుతున్నవా? నీళ్ల సంచి గిట్ల?"

"సంచి లేదమ్మా" అన్న.

అబద్ధం కాదు.

డిసెంబర్ 2, మంగళారం

మూట పెట్టినప్పుడు అక్క ముచ్చట పెట్టింది. కండ్లు మూసుకొనే. అమ్మ గురించి, మంద గురించి. మీదికెల్లి విమానం పోయింది. "తోడేలు అచ్చిందిరా, పిల్లలను లోపట ఎయ్యి" అన్నది. "ఏసిన అక్కా" అన్న. "తలుపు పెట్టు" అన్నది. "పెట్టిన" అన్న.

తర్వాత చానసేపు ఏం అనలే. నేను ఆమె మొకం చూసుకుంట కూసున్న. ఒక ఊపిరికి ఇంకో ఊపిరికి నడుమ మస్తు సందు వస్తున్నది. నిమ్మలంగ ఉన్నది అనుకున్న.

డిసెంబర్ 4, బేస్తారం

చీర ముక్కకు పట్టీ అంటుకొని లేసి వచ్చింది.

పక్కననే పెట్టిన. మూట జారింది కావచ్చు. తీసేవరకు గుడ్డకు అంటుకొని ఉన్నది. మళ్ల వీపుకు అంటించి చూసిన, నిలవలే. ఎవలన్న చూస్తరని బుగులైంది. గుడ్డతోటి పొయ్యిల వేసిన. ఎందుకు వేసిన్నో. వేసినంక తీయరాలే.

పొద్దుమూకి సరిత వీపు తుడువనీకె జాకెట్ లేపింది. "పట్టీ ఏది మామా?"

"నేను చూడలే" అన్న.

మంచం కింద చూసిండ్రు, దుప్పట్లు దులిపిండ్రు. హరిప్రసాద్ మోరీల కట్టె పెట్టి కదిపి చూసిండు.

డిసెంబర్ 5, శుక్రారం

సంతోషి మొకం మారింది. కూసోమన్నా కూసోలే.

"ఒక్కటి తగ్గినా నేను రాసియ్యాలె అన్నా. మీద చూసేటోళ్లు ఉంటరు. అది ఎక్కడన్న పడి పిల్లల చేతికి దొరికితె పాణం పోతది. యాది చేసుకోరి, ఎవలన్న తీసిండ్రా?"

"మా ఇంట్ల దొంగలు లేరు" అన్నడు హరిప్రసాద్.

"నేను గట్ల అనలే."

"అన్నట్టే ఉంది."

డాక్టరమ్మకు ఫోన్ చేసి, అడిగి, కొత్తది అంటించింది. అది పట్టేవరకు సగం రోజు వడ్తది. అప్పటిదాక అక్క మొత్తుకున్నది. నేను వాకిట్ల పొయ్యి కాడ కూసున్న. బూడిద ఎత్తి మోరీల పోసిన.

ఇగ మూట పెట్ట.

డిసెంబర్ 7, ఐతారం

పెట్టలే.

డిసెంబర్ 8, సోమారం

అక్క అడిగింది. పెట్ట అన్న. "నువ్వు గూడ గట్లనేనారా" అన్నది. మొకం అటు తిప్పుకొని మూలిగింది. ఆ మూలుగు ఇనలేక పెట్టిన. ఇదొక్కపారే.

డిసెంబర్ 9, మంగళారం

చలి మస్తు ఉండె. మూట పెట్టిన. జల్ది సల్లారొద్దని మీదికెల్లి గొంగడి కప్పిన. పాలకు పోయిన. వచ్చేవరకు గురక. మంచి నిద్ర అనుకొని వాకిట్ల ఎండకు కూసున్న.

ఇంటాయన భార్య రబియా గిన్నెల ఖీర్ పట్టుకొని వచ్చింది. లోపటికి పోయింది. గురక సప్పుడు ఎప్పుడు ఆగిందో నాకు తెల్వది. రబియా తలుపు కాడికి వచ్చి నిలవడ్డది. ఒర్లలే, చిన్నగనే "అన్నా, అక్క రంగు జర చూడు" అన్నది.

పెదవులు నేరేడు పండు లెక్క ఉన్నయి.

ఆమెనే 108కు ఫోన్ చేసింది. వాళ్లు వచ్చేవరకు అక్కను కూసోబెట్టి దవడ మీద కొట్టుకుంట "అక్కా, ఊపిరి తీసుకో, అక్కా" అని ఒక్కతీరుగ అన్నది. నేను గొంగడి కింద మూట తీసి జేబుల పెట్టుకున్న. గదొక్కటి చేసిన.

డిసెంబర్ 10, బుధారం

దవాఖానల పట్టీ పీకి సూది ఇచ్చిండ్రు. మందును ఇడిపించే సూది అంట. అక్క లేసింది. లేసుడు లేసుడే నొప్పితోని లేసింది. ఆ మొత్తుకోలు ఇంతకుముందు నేను ఇనలే, గొర్రె కాడ గూడ ఇనలే.

డాక్టరు సారు హరిప్రసాద్‌ను నిలవెట్టి అడిగిండు.

"ఒక్క పట్టీకి గిట్ల కాదు. ఎన్ని పెట్టినవ్?"

"ఒక్కటే సార్."

"మొన్న ఒకటి కనబడలేదన్నరట. అది ఏడవోయింది?"

"తెల్వది సార్."

"పెద్దది కావాలె, ఎక్కువ కావాలె అని నువ్వే అడిగినవట. నొప్పి చూడలేక రెండు పెడితివా? చెప్పు, నిన్ను ఏం అనను. చెప్పకుంటె నేను పోలీసులకు రాయాలె."

"మా అమ్మ సార్ ఆమె" అన్నడు హరిప్రసాద్.

సంతోషి గూడ ఆడనే ఉన్నది. ఎవరి దిక్కు చూడలే. నేను గోడకు నిలవడ్డ. జేబుల మూట సల్లగ ఉన్నది.

రేపు చెప్త.

డిసెంబర్ 12, శుక్రారం

ఇంటికి తోలిండ్రు. పట్టీలు బంద్. డాక్టర్లు కమిటీ కూసోని చూసినంకనే మళ్ల ఇంటికి ఇచ్చేది. అప్పటిదాక నోట్ల పోసే మందు. పోస్తె కక్కుతున్నది. సంతోషి పొద్దున ఒకపారి వచ్చి నొప్పి సూది ఇచ్చి పోతది. అది అంబటాల్లదాక ఆగుతది.

రేపు చెప్త.

డిసెంబర్ 13, శనారం

రేపు.

డిసెంబర్ 14, ఐతారం

హరి, సరిత కొట్లాడుకున్నరు. అర్ర తలుపు పెట్టుకొని కొట్లాడినా ఇనవడ్డది.

"నాకన్న నిజం చెప్పు. ఎవనికన్న ఇచ్చినవా? ఏర్పోర్టు కాడ నీ దోస్తులు ఎసొంటోళ్లో నాకు ఎర్క."

"నువ్వు గూడ అంటున్నవా?"

"పట్టీలు ముట్టేది మనమిద్దరమే. నేను తీయలే."

వాడు తినకుంట బండి తీసుకొని పోయిండు. సరిత వాకిట్ల బోళ్లు తోముకుంట ఏడ్చింది. నాకు బువ్వ పెట్టింది. "తిను మామా, నువ్వన్న తిను" అన్నది. తిన్న.

డిసెంబర్ 15, సోమారం

అక్క సోయిల ఉన్నది. సూది మందు బలం ఇంక దిగలే. దగ్గరికి రమ్మన్నది.

"నువ్వే కదరా."

దుప్పటి కొస సర్దిన.

"దవాఖానల ఆ సారు అడుగుతుంటె నీ మొకం చూసిన. మంద ఎవని చేన్ల పడ్డా గిదే మొకం పెట్టుకొని వచ్చేటోనివి."

"చెప్త అక్కా. హరి మీదికి వస్తున్నది."

"చెప్పకు."

ఎందుకో అర్థం కాలే. చెయ్యి పట్టుకున్నది. ఏళ్లు పుల్లల లెక్క అయినయి.

"పట్టీలు మళ్ల ఇస్తరు. ఇయ్యక ఏడికి పోతరు, వాళ్ల కమిటీ కూసుంటది, లేస్తది. ఇచ్చినంక మళ్ల గట్లనే పెట్టు. ఆ దినం నాకు ఏం తెల్వలే కుర్మా. నొప్పి లేదు, మీరు లేరు, ఏం లేదు. రబియా రాకుంటె అయిపోతుండె. ఈపారి గొళ్లెం పెట్టు."

మీదికెల్లి విమానం పోయింది. అది పోయేదాక ఆగి మళ్ల అడిగింది.

"ఇనవడ్డదా?"

తల ఊపిన. ఇనవడ్డది అని ఊపిన. సరే అని ఊపలే. ఆమె సరే అనుకున్నది.

డిసెంబర్ 16, మంగళారం

అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేండ్లు. అక్క చేతి ముద్దనే తిన్న. ఆమె మాట కాదన్నది లేదు. పెండ్లి చేసుకో అంటె చేసుకున్న. ఆ పిల్ల పోయినంక నా ఇంటికి రా అంటె వచ్చిన. మంద అమ్ము అంటె అమ్మిన.

చెప్పకుంటె పట్టీలు రావు. వచ్చినా హరి దొంగ లెక్కనే ఉంటడు. చెప్తె పట్టీలు వస్తయి. కాని అక్కకు కావాల్సింది పట్టీ కాదు.

ఇయ్యాల పొద్దంత మొత్తుకున్నది. సరిత పనికి పోలే. చెవులు మూసుకొని కూసున్నది.

డిసెంబర్ 17, బుధారం

డాక్టరమ్మ, సంతోషి వచ్చిండ్రు. ఇంట్ల అందరితోని మాట్లాడి కమిటీకి రాయాలె అన్నరు. కుర్చీలు వేసిండ్రు. హరిప్రసాద్‌ను మళ్ల మొదటికెల్లి అడగవట్టిండ్రు. వాడు ఈపారి కోపం చెయ్యలే. నేల చూసుకుంట "తెల్వది మేడం, తెల్వది మేడం" అన్నడు. అది నాకు కోపం కంటె చెడ్డగనిపించింది.

చెప్దామని నోరు తెరిచిన. రాలే. లేసి వాకిట్లకు పోయిన. పొయ్యి అంటు పెట్టిన. పెంక పెట్టి ఉప్పు పోసిన. లోపట్నుంచి సరిత "మామా, ఇప్పుడేం పని" అన్నది. ఉప్పు చిటపట అన్నది. మూట కట్టిన. పట్టుకొని వచ్చి వాళ్ల నడుమ నిలవడి, ముందుగాల దవడకు ఆనిచ్చుకున్న, మళ్ల అంగీ చెయ్యి ఎగదీసి నా జబ్బకు పెట్టుకొని చూపిచ్చిన.

కొద్దిసేపు ఎవరికీ తెల్వలే. సంతోషికి తెలిసింది. లేసి వచ్చి మూట మీద చెయ్యి పెట్టి ఎన్కకు గుంజుకున్నది.

"ఇది అవ్వకు పెట్టినవా తాతా? పట్టీ కాడ?"

"పక్కన" అన్న.

అందరు చూస్తున్నరు.

"మీద గూడ" అన్న. "ఊడింది. పొయ్యిల వేసిన."

డాక్టరమ్మ పెన్ను ఆపింది. సంతోషి మళ్ల కుర్చీల కూసున్నది. "ఇంటింటికి పోత నేను. ప్రతి ఇంట్ల ముసలోళ్లు కాపడం పెడ్తరని నాకు ఎర్కనే. సంచి అడిగిన, హీటరు అడిగిన, అదొక్కటి అడగకపోతి" అన్నది.

హరిప్రసాద్ నన్ను ఏం తిట్టలే. తిడితె బాగుండు.

"దవాఖానల నన్ను పోలీసులకు రాస్త అంటుంటె నువ్వు నా పక్కనే ఉన్నవ్ మామా."

"ఉన్న."

"పక్కనే ఉన్నవ్."

లోపట మంచం మీద అక్క మొత్తుకునుడు ఆపింది. ఇంటున్నది అని నాకు తెలిసింది.

డిసెంబర్ 19, శుక్రారం

పట్టీలు మళ్ల ఇచ్చిండ్రు. ముందటి దాని కంటె చిన్నది. పట్టీ రెక్క కింద కాదు, ఛాతి మీద పెట్టిండ్రు, అందరికి కనవడేటట్టు. నొప్పి లేస్తె ఏ యాళ్లకైనా ఫోన్ చెయ్యాలె, మందు ఎంత పెంచాల్నో వాళ్లు చూస్తరు, ఇంట్లోళ్లు సొంత వైద్యం చెయ్యొద్దు. నేను ఒక్కన్ని అక్క కాడ ఉండొద్దు. సరిత కార్ఖానల సెలవు వెట్టింది. పెంక విలాయత్ అలీ సాబ్ ఇంటికి పంపిచ్చింది.

అక్క చెప్పిన ముచ్చట మాత్రం ఎవరికీ చెప్పలే. గొళ్లెం ముచ్చట. నా తప్పు చెప్పిన. ఆమెది నేనెందుకు చెప్పాలె?

డిసెంబర్ 22, సోమారం

అక్కకు నొప్పి తగ్గింది. గటుక తాగుతున్నది. సరితతోని మాట్లాడుతది, హరితోని మాట్లాడుతది. నేను లోపటికి పోతె గోడ దిక్కు తిరుగుతది.

ఒక్కపారి అన్నది, గోడకు చెప్పినట్టు. "నా కోసం ఒక్క పని అడిగిన పుట్టినకాడికెల్లి."

డిసెంబర్ 26, శుక్రారం

ఇయ్యాల సరితను అడిగింది, "చలి వెడ్తున్నది, ఎండకు మంచం వేయిపియ్యి బిడ్డా." సరిత వేస్త అన్నది. నేను ఒద్దన్న. సరిత నా దిక్కు ఇచ్చంత్రంగ చూసింది. "ఎండ ఒద్దని సంతోషి చెప్పింది" అన్న. యాదికి వచ్చి నాలిక కరుచుకున్నది.

చలి వెట్టి అడిగింది కావచ్చు. చలి నిజంగ ఉన్నది.

డిసెంబర్ 29, సోమారం

సరిత దుకాణానికి పోయింది. రబియా కూసున్నది అక్క కాడ. కొద్దిసేపటికి బయటికి వచ్చింది.

"అన్నా, అక్కకు కాళ్లు సల్లగయినయంట. మా ఇంట్ల గరం పానీ బ్యాగ్ ఉంది కదా, మా సాబ్ నడుముకు కొన్నది. తెచ్చి ఇయ్యి, కాని తమ్మునికి చెప్పకు అంటుంది. ఎందుకు చెప్పొద్దంటుందో నాకు సమజ్ కాలే. అందుకే నీకే చెప్తున్న."

ఒద్దు అన్న.

"కాళ్లకే అన్నా. పట్టీ మీద కాదు."

ఒద్దు అన్న. ఎందుకు అన్నది. చెప్పిన. గొళ్లెం ముచ్చట చెప్పిన, ఈమె లోపటికి రావొద్దనే గొళ్లెం అని గూడ చెప్పిన. రబియా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నా జన్మల ఒక ఆడమనిషితోని గన్ని మాటలు మాట్లాడలే.

ఆమె ఫోన్‌లనే సంతోషికి చేయించిన. ఫోన్‌ల మాట్లాడుడు నాకు రాదు, అయినా నేనే చెప్పిన. సంతోషి నడుమ ఆపలే. అయినంక, "మంచిపని చేసినవ్ తాతా. అవ్వతోని నేను మాట్లాడుత, డాక్టరమ్మను తీసుకొస్త. ఆమెకు నొప్పి ఒక్కటే కాదు, బుగులు గూడ ఉన్నది. రేపు పొద్దుగాల వస్తం. అప్పటిదాక ఎవరో ఒకరు కనిపెట్టుకొని ఉండురి" అన్నది.

లోపట అక్క అంత ఇన్నది. నేను పోయి మంచం కాడ కూసున్న. గోడ దిక్కు తిరగలే ఈపారి. సూటిగ చూసింది నన్ను.

"మాటలు నేర్చినవ్" అన్నది.

హరిప్రసాద్ డ్యూటీకెల్లి వచ్చిండు. తల్లికి చాయ్ పట్టుకొచ్చిండు, స్టీలు గిలాసల, పొగలు కక్కుతున్నది. అక్క రెండు చేతులు చాపింది. నేను ముందుగాల అందుకొని, పట్టుకొని, సల్లారేదాక ఇయ్యలే. వాడు నన్ను చూసిండు.

ఇప్పుడు సరిత పోయింది లోపటికి. కొద్దిగయితె రబియా వస్తది. నేను తలుపు కాడ కదలకుంట కూసున్న. ఎవలు వచ్చినా మొకం చూస్తలేను, చేతులల్ల ఏమున్నదో చూస్తున్న.